ఇగరడం, మరగడం: కడప సీమలో ద్రవాలు ఆవిరయ్యే తీరు

ద్రవం వాయువుగా మారడాన్ని బాష్పీభవనం అంటారు. ఇది రెండు తీర్లుగా జరుగుతుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా, ద్రవం పైతలం నుంచి మాత్రమే, నిదానంగా జరిగేది ఇగరడం. ఒక పీడనానికి ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత దగ్గర, ద్రవం లోపలే ఆవిరి బుడగలు పుట్టి పైకి పొంగేటట్లు జరిగేది మరగడం. రెండింటిలోనూ జరిగే మార్పు ఒకటే, దానికి పట్టే వేడీ ఇంచుమించు ఒకటే. తేడా అంతా ఎక్కడ జరుగుతుంది, ఎంత వేగంగా జరుగుతుంది అన్నదగ్గరే.

పెన్నా నది ఒడ్డున జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, వాటికి నైరుతిగా పులివెందుల ఉన్న కడప జిల్లా పడమటి భాగం ఈ మార్పును అర్థం చేసుకోవడానికి చాలా అనువైన చోటు. ఇక్కడ ఎండ ఎక్కువ, గాలి పొడి, వాన తక్కువ. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 700 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, బయలు నీటి నుంచి ఏటా ఇగిరిపోయే లోతు దానికి రెట్టింపు దాకా, కొన్నేళ్లలో ఇంకా ఎక్కువగా ఉంటుంది. అందుకే ఈ ప్రాంతపు నీటి లెక్కల్లో ఆవిరిని కూడా ఒక వాటాదారుగా రాసుకోక తప్పదు.

అణువుల కదలిక

గ్లాసులో కదలకుండా కనిపించే నీటిలో అణువులు ఎడతెగకుండా కదులుతూనే ఉంటాయి. అన్నిటి వేగం ఒకటి కాదు. పైతలం దగ్గర ఉండి, చుట్టుపక్కల అణువుల పట్టు వదిలించుకోగల వేగం ఉన్నవి గాలిలోకి జారుకుంటాయి. వేగంగా ఉన్నవే వెళ్లిపోతాయి కాబట్టి మిగిలినవాటి సగటు వేగం తగ్గుతుంది, అంటే నీరు చల్లబడుతుంది. గాలిలోకి వెళ్లినవాటిలో కొన్ని తిరిగి నీటిలో పడుతూనే ఉంటాయి. మూత బిగించిన సీసాలో పోయేవీ వచ్చేవీ సమానమైనప్పుడు ఆవిరి కలిగించే ఒత్తిడిని సంతృప్త ఆవిరి పీడనం అంటారు.

ఈ పీడనం ఉష్ణోగ్రతతో చాలా చురుగ్గా పెరుగుతుంది. నీటికి 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది 4.2 కిలోపాస్కళ్లు, 40 డిగ్రీల దగ్గర 7.4, 100 డిగ్రీల దగ్గర 101.3. పది డిగ్రీల ఎండ పెరిగితే గాలి ఇముడ్చుకోగల తేమ డెబ్బై అయిదు శాతం పెరుగుతుందన్నమాట. ఇగరడం ఎంత వేగంగా జరుగుతుందో చెప్పేది ఈ పీడనానికీ, గాలిలో అప్పటికే ఉన్న ఆవిరి పీడనానికీ మధ్య ఉన్న తేడా. ఈ సంబంధాన్ని 19వ శతాబ్దం తొలి ఏళ్లలో ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ డాల్టన్ స్పష్టంగా చెప్పాడు. పైతలం విశాలంగా ఉన్నా, గాలి వీస్తున్నా వేగం పెరుగుతుంది. గాలి వీచినప్పుడు నీటి మీద పేరుకున్న తేమ పొర తొలగిపోయి పొడి గాలి వస్తుంది.

ఏ ద్రవం ఎంత తొందరగా ఇగురుతుందన్నది దాని అణువుల మధ్య పట్టును బట్టి ఉంటుంది. సూది వేసే ముందు చేతికి రాసే స్పిరిట్ క్షణంలో ఎగిరిపోయి చల్లగా తగులుతుంది. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. అంత చిన్న అణువు ఉన్న పదార్థం 100 డిగ్రీల దాకా మరగకుండా ఉండడానికి కారణం అదే.

మరగడం, పీడనం

పొయ్యి మీద పెట్టిన నీటిలో మొదట గిన్నె గోడల వెంట కనిపించే చిన్న బుడగలు ఆవిరి కాదు, నీటిలో కరిగి ఉన్న గాలి. అసలు ఆవిరి బుడగలు అడుగున పుడతాయి. పై నీరు ఇంకా చల్లగా ఉన్నంతసేపూ అవి మధ్యలోనే చితికిపోతాయి. మరగడానికి ముందు వినిపించే సన్నని రొద అదే. ఆవిరి పీడనం చుట్టూ ఉన్న గాలి పీడనంతో సమానమైనప్పుడు బుడగలు చితకకుండా పైదాకా వస్తాయి. ఆ ఉష్ణోగ్రతే మరుగు స్థానం.

కాబట్టి మరుగు స్థానం పీడనాన్ని బట్టి మారుతుంది. ఎత్తు సుమారు 300 మీటర్లు పెరిగితే నీటి మరుగు స్థానం ఒక డిగ్రీ తగ్గుతుంది. సముద్రమట్టానికి 150 మీటర్లకు కాస్త పైన ఉన్న ప్రొద్దుటూరులో నీరు 99.5 డిగ్రీల దగ్గర, 270 మీటర్ల ఎత్తున ఉన్న పులివెందులలో 99 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఈ తేడా వంటలో తెలియదు. అదే 1,265 మీటర్ల ఎత్తున ఉన్న హార్సిలీ కొండ మీద 96 డిగ్రీలకే మరుగుతుంది కనుక పప్పు ఉడకడానికి ఎక్కువ సేపు పడుతుంది. ప్రెషర్ కుక్కర్ దీనికి తిరగేసిన పని చేస్తుంది. ఆవిరిని లోపలే బిగబట్టి పీడనాన్ని రెట్టింపు చేస్తే నీరు 120 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. ఫ్రెంచివాడైన డెనీ పాపిన్ 1679లోనే ఇలాంటి పాత్ర చేసి చూపాడు.

వంటింట్లో మరో మరుగుపాత్ర ఉందని చాలామంది గుర్తించరు: గ్యాస్ సిలిండర్. ప్రొపేన్ మామూలు పీడనంలో మైనస్ 42 డిగ్రీలకే, బ్యూటేన్ సున్నాకు కొంచెం కిందే మరుగుతాయి. సిలిండర్‌లో వాటిని ద్రవంగా ఉంచేది లోపలి పీడనమే. రెగ్యులేటర్ తిప్పగానే పీడనం తగ్గి, ద్రవం మరిగి వాయువుగా బయటికి వస్తుంది. ఆ మార్పుకు కావలసిన వేడిని సిలిండర్ నుంచే లాక్కుంటుంది. పెద్ద పొయ్యి చాలాసేపు మండితే బండ చల్లబడి పైన తేమ పట్టేది ఇందుకే.

పులివెందులకు దగ్గరి తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నడిపే శుద్ధి కర్మాగారంలో ఇదే సూత్రం పెద్ద ఎత్తున పనిచేస్తుంది. అక్కడి ఖనిజం సున్నపురాయి జాతి శిలలో ఉంది. ఆమ్లం పోస్తే శిలే ఆమ్లాన్ని తినేస్తుంది. అందుకని సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణాన్ని వాడతారు. అది చురుగ్గా పనిచేయాలంటే 100 డిగ్రీలకు మించిన వేడి కావాలి. బయట ఆ వేడికి నీళ్లు మరిగి పోతాయి కనుక మూసిన పీడన పాత్రల్లో పని జరుపుతారు.

ఇంకా పెద్ద ఉదాహరణ ప్రొద్దుటూరు, ముద్దనూరు ఊళ్ల మధ్య కలమళ్ల దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం. మొదటి యూనిట్ 1994లో మొదలైంది. ఇప్పుడు 210 మెగావాట్లవి అయిదు, 600 మెగావాట్లది ఒకటి, మొత్తం 1,650 మెగావాట్లు. ఈ తరహా 210 మెగావాట్ల యూనిట్లలో బాయిలర్ పీడనం గాలి పీడనానికి సుమారు 150 రెట్లు ఉంటుంది. అంత ఒత్తిడిలో నీరు 340 డిగ్రీల దాకా మరగదు. వచ్చిన ఆవిరిని 540 డిగ్రీల దాకా ఇంకా కాచి టర్బైన్ల మీదికి వదులుతారు. పని ముగించిన ఆవిరి చేరే కండెన్సర్‌లో పీడనం గాలి పీడనంలో పదో వంతు మాత్రమే. అక్కడ ఆవిరి 45 డిగ్రీల దగ్గర తిరిగి నీరవుతుంది. ఒకే నీరు ఒక చోట 340 డిగ్రీల దగ్గర ఆవిరై, కొద్ది గజాల దూరంలో 45 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతుందంటే మరుగు స్థానం పీడనం చేతిలో ఎంతగా ఉందో తెలుస్తుంది.

కండెన్సర్‌లో ఆవిరి వదిలే వేడిని మోసుకుపోయే నీరు కూలింగ్ టవర్లకు చేరుతుంది. అక్కడ దానిలో నూటికి ఒకటి, రెండు పాళ్లు ఇగిరిపోయి మిగిలినదాన్ని చల్లబరుస్తాయి. దూరం నుంచి కనిపించే తెల్లని పొగ నిజానికి ఆవిరి కాదు, ఆవిరి చల్లబడి కట్టిన సన్నని నీటి తుంపర. ఆవిరి కంటికి కనిపించదు. బొగ్గుతో నడిచే ఇలాంటి కేంద్రాల్లో యూనిట్ కరెంటుకు సుమారు 3 లీటర్ల నీరు ఖర్చవుతుంది. అందులో ఎక్కువ పాలు టవర్ల నుంచి గాలిలో కలిసేదే. ఈ కేంద్రానికి నీరు వచ్చేది జమ్మలమడుగు దగ్గరి మైలవరం జలాశయం నుంచి.

దాగి ఉన్న వేడి

కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 293 కిలోజౌళ్లు చాలు. ఆ 100 డిగ్రీల నీటిని 100 డిగ్రీల ఆవిరిగా మార్చడానికి 2,257 కిలోజౌళ్లు కావాలి. ఏడున్నర రెట్లకు పైగా వేడి పోసినా ఉష్ణోగ్రతామాపకంలో ఒక్క గీత కూడా కదలదు. దీన్నే గుప్తోష్ణం అంటారు. స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్ 1760ల నాటికే దీన్ని కొలిచి చెప్పాడు. వంటకు దీనివల్ల తేలే విషయం ఒకటుంది: ఎసరు మరగడం మొదలైన తర్వాత మంట పెంచితే అన్నం తొందరగా ఉడకదు, నీరు మాత్రం తొందరగా ఆవిరవుతుంది. గ్యాసు వృథా. మూత పెట్టి మంట తగ్గించడమే సరైన పద్ధతి.

ఆవిరి తిరిగి నీరైనప్పుడు ఆ వేడి మొత్తం బయటికి వస్తుంది. సంకటి గిన్నె మూత తీసినప్పుడు తగిలే ఆవిరి, అదే వేడి ఉన్న నీళ్లకన్నా ఘోరంగా కాల్చేది అందుకే. మేఘాల్లోనూ ఇదే జరుగుతుంది. బంగాళాఖాతం మీద ఇగిరిన నీరు పైకెళ్లి మేఘమైనప్పుడు విడుదలయ్యే గుప్తోష్ణమే వాయుగుండాలకు బలం. 2021 నవంబరులో పెన్నా, దాని ఉపనదులు పొంగి జిల్లాను ముంచిన వానల వెనకా ఉన్నది ఆ శక్తే.

మామూలు ఉష్ణోగ్రతలో ఇగిరే కిలో నీరు సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. మట్టి కుండ పనితనం ఈ అంకెలో ఉంది. పది లీటర్ల కుండలో 200 మిల్లీలీటర్లు మట్టి రంధ్రాల గుండా చెమర్చి ఇగిరితే, బయటి వేడి చేరకపోయే పక్షంలో మిగిలిన నీరు 11 డిగ్రీలకు పైగా చల్లబడాలి. ఎంత చల్లబడుతుందన్నది గాలి పొడితనం మీద ఆధారపడుతుంది. తడిగుడ్డ చుట్టిన ఉష్ణోగ్రతామాపకం చూపే అంకెను తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. ఇగరడం ద్వారా చల్లబడగల హద్దు అదే. మే నెలలో 42 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న ప్రొద్దుటూరు మధ్యాహ్నం అది 24 డిగ్రీలు. సముద్రతీరాన 38 డిగ్రీల ఎండ, 60 శాతం తేమ ఉంటే 31 డిగ్రీలు. వట్టివేళ్ల తడకలు, ఎయిర్ కూలర్లు కడప సీమలో బాగా పనిచేసి, నెల్లూరు తీరంలో ఉక్కపోత పెంచడానికి కారణం ఈ ఏడు డిగ్రీల తేడా.

మనిషి ఒంటికీ ఇదే లెక్క. లీటరు చెమట పూర్తిగా ఇగిరితే 580 కిలోకేలరీల వేడి పోతుంది. పొడి గాలిలో చెమట పుట్టీ పుట్టగానే ఇగిరిపోవడంతో ఎంత నీరు పోయిందో తెలియదు. పొలంలో, రాళ్ల క్వారీల్లో పనిచేసేవారికి దాహం వేయకముందే నీరూ ఉప్పూ అందాలి. వడదెబ్బ తగిలిన మనిషి ఒంటిని తడిపి గాలి విసరడం ఇక్కడ మంచి తొలి చికిత్స.

బంగారు కొలిమి దగ్గర

బంగారం వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో బాష్పీభవనానికి మరో ముఖం ఉంది. బంగారం 1,064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కానీ 2,800 డిగ్రీలు దాటితే గానీ మరగదు. మూసలో కరిగించినప్పుడు బంగారం ఆవిరై తరిగిపోకపోవడం ఈ దూరం వల్లే. అన్ని లోహాలూ ఇలా ఉండవు. జింకు 907 డిగ్రీల దగ్గర, కాడ్మియం 767 డిగ్రీల దగ్గర మరిగిపోతాయి. అంటే బంగారం కరగకముందే కాడ్మియం ఆవిరవుతుంది.

కేడీఎం నగ అన్న పేరు కాడ్మియం నుంచే వచ్చింది. అతుకు వేసే టంకం నగకన్నా తక్కువ వేడికి కరగాలి. రాగి, వెండి ఎక్కువ కలిపితే కరుగుతుంది గానీ నగ మేలిమి తగ్గుతుంది. సుమారు 92 పాళ్ల బంగారానికి 8 పాళ్ల కాడ్మియం కలిపితే టంకం తేలిగ్గా కరుగుతుంది, మేలిమీ నిలుస్తుంది. నగను మళ్లీ కరిగిస్తే కాడ్మియం ఎగిరిపోయి బంగారం మిగులుతుంది. వ్యాపారికీ కొన్నవారికీ లాభమే. నష్టమంతా ఊదుగొట్టం ముందు కూర్చున్న పనివాడిది. ఆ ఆవిరి గాలిలో కాడ్మియం ఆక్సైడ్ పొగగా మారి ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అది కేన్సర్ కారకం కూడా. మరుగు స్థానం దాకా పోనక్కరలేదు, అంతకు ఎంతో ముందే ఇగరడం మొదలవుతుంది. హాల్‌మార్క్ నగల్లో కాడ్మియం టంకానికి చోటు లేదు. 2021 జూన్ నుంచి దేశంలో హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరి అయింది. కొనేవారు కేడీఎం అన్న మాటను నాణ్యతకు గుర్తుగా తీసుకోవడం మానాలి. అది ఒక మనిషి ఊపిరితో కొన్న మేలిమి.

వంటలో, కల్లంలో

నూనెలో మిరపకాయ బజ్జీ వేసినప్పుడు పొంగే బుడగలు నూనెవి కావు. 170 డిగ్రీలకు పైగా వేడెక్కిన నూనెలో పిండిలోని నీరు మరుగుతోంది. బుడగలు తగ్గాయంటే తడి అయిపోవచ్చిందని అర్థం. ఉగ్గాణికి వాడే బొరుగులు కూడా ఆవిరి పనే. కాగిన ఇసుకలో పడిన బియ్యపు గింజలో మిగిలి ఉన్న కొద్దిపాటి తేమ ఒక్కసారిగా ఆవిరవుతుంది. 100 డిగ్రీల నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా జాగా కావాలి. ఆ తోపుడుకు మెత్తబడిన గింజ ఉబ్బి బొరుగవుతుంది. బాగా కాగిన దోసె పెనం మీద నీళ్లు చల్లితే చుక్కలు వెంటనే ఇగరకుండా గుండ్లలా దొర్లుతాయి. చుక్కకూ పెనానికీ మధ్య పుట్టిన పలుచని ఆవిరి పొర వేడిని అడ్డుకుంటుంది. జర్మను వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ 1756లో దీని గురించి రాశాడు.

ఇగరడం, మరగడం రెండూ ఒకే పంటలో వరసగా కనిపించేది ప్రొద్దుటూరుకు పక్కనున్న మైదుకూరు వైపు పసుపు కల్లాల్లో. మైదుకూరు, టేకూరుపేట పసుపు రకాలకు ఆ ఊళ్ల పేర్లే వచ్చాయి. తవ్విన కొమ్ములను ముందు మరిగే నీటిలోనో ఆవిరిలోనో ఉడికిస్తారు. దాంతో పిండి పదార్థం మెత్తబడి రంగు కొమ్మంతటా సమంగా పరుచుకుంటుంది. తర్వాత 10 నుంచి 15 రోజులు కల్లంలో ఎండబెడితే తేమ 10 శాతం దగ్గరికి దిగుతుంది. ఉడికిన కొమ్ము పచ్చిదానికన్నా త్వరగా, సమానంగా ఎండుతుంది.

జలాశయాలు, పొలాలు

ఎండ ఎంత నీటిని ఆవిరి చేయగలదో లెక్కగట్టవచ్చు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు ఇగరడానికి 2.45 మెగాజౌళ్లు కావాలి. రాయలసీమ వేసవిలో రోజుకు చదరపు మీటరు మీద పడే సౌరశక్తి సుమారు 24 మెగాజౌళ్లు. అదంతా నీటికే పోతే రోజుకు 10 మిల్లీమీటర్ల లోతు ఆవిరవుతుంది. కొంత ఎండ వెనక్కి మళ్లుతుంది, కొంత తిరిగి ఆకాశానికి పోతుంది. చుట్టూ ఉన్న బీళ్ల మీదుగా వచ్చే వేడిగాలి కొంత కలుపుతుంది. వాతావరణ కేంద్రాల్లో ఇగిరే లోతును 122 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న లోహపు పళ్లెంలో రోజూ నీటిమట్టం చూసి కొలుస్తారు. పిట్టలు తాగకుండా మన దేశంలో దానిపై వల కప్పుతారు. పళ్లెం లోహం కూడా వేడెక్కుతుంది కనుక, చెరువు నష్టాన్ని అంచనా కట్టడానికి ఆ అంకెలో సుమారు 70 శాతమే తీసుకుంటారు.

ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు ఇగిరితే 4,000 లీటర్లు పోయినట్లు. పది చదరపు కిలోమీటర్ల నీటి విస్తీర్ణం ఏడాదిలో 2 మీటర్ల లోతు కోల్పోతే 0.7 టీఎంసీ. 26.85 టీఎంసీల గండికోట, 10 టీఎంసీల చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, మైలవరం, పైడిపాలెం జలాశయాల్లోకి నీరు కృష్ణ, తుంగభద్రల నుంచి ఎంతో దూరం కాలువల్లో, ఎత్తిపోతల మీద వస్తుంది. అలా కరెంటు ఖర్చుపెట్టి ఎత్తిపోసిన నీటిలో ఒక భాగం చేను చూడకుండానే ఆకాశానికి పోతోంది. నష్టం నిల్వను బట్టి ఉండదు, విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది. లోతు తక్కువై విశాలంగా పరుచుకున్న చెరువు తన నీటిలో ఎక్కువ వంతు పోగొట్టుకుంటుంది. పూడిక తీయడం వల్ల వచ్చే మేలుల్లో ఇదొకటి.

నీటి మీద సౌర ఫలకాలు తేలించడం మరో మార్గం. నీడా ఇస్తాయి, కరెంటూ ఇస్తాయి. విశాఖ దగ్గర సింహాద్రి ఎన్టీపీసీ జలాశయంలో 2021లో 25 మెగావాట్ల తేలియాడే కేంద్రం మొదలైంది. గుజరాత్‌లో 2012లోనే నర్మదా కాలువ పైన ఫలకాలు పరిచారు. భారీ సౌర విద్యుత్ కేంద్రం ఉన్న మైలవరం మండలంలో, పక్కనే జలాశయం ఉండగా, ఈ పద్ధతిని గట్టిగా పరిశీలించవలసింది.

పొలంలో ఇగరడం రెండు దశల్లో సాగుతుంది. తడి నేల మొదట బయలు నీటిలాగే ఆవిరవుతుంది. పైపొర ఆరిపోయాక ఆవిరి ఆ పొడి మట్టి గుండా నెమ్మదిగా రావలసి ఉంటుంది కనుక వేగం బాగా పడిపోతుంది. జమ్మలమడుగు, ముద్దనూరు వైపు నల్లరేగళ్లలో శీతకాలపు పప్పుశనగ నేలలో మిగిలిన పదును మీదే పండుతుంది. ఆ నేల ఆరితే నెర్రెలు విచ్చి లోపలి తేమకు దారి దొరుకుతుంది. గుంటక తోలి పై మట్టిని పొడి చేసే రైతు నెర్రెలను పూడ్చి, రెండో దశను ముందే తెస్తున్నాడు. భౌతికశాస్త్రం దీన్ని వివరించకముందే సేద్యం కనిపెట్టింది.

పులివెందుల చీనీ, అరటి తోటల్లో డ్రిప్పు అదే పని మరో తీరున చేస్తుంది. చెట్టు మొదట్లో తప్ప నేల తడవదు కనుక ఇగిరే పైతలం చిన్నది. 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం ద్వారా రాయితీతో ఇది వేల ఎకరాలకు చేరింది. ఆకుల నుంచి పోయే తేమ, అంటే బాష్పోత్సేకం, మాత్రం ఆగదు, ఆగకూడదు కూడా. ఆ ఆవిరి పోతేనే వేళ్ల నుంచి నీరు పైకి ఎక్కుతుంది, ఆకు చల్లగా ఉంటుంది.

ఇగిరిన నీరు తనలో కరిగినవాటిని వెంట తీసుకుపోదు. కాలువ కింద అతిగా నీరు పెట్టి భూగర్భ జలం పైకొచ్చిన చోట, నేల ఆరుతూ ఉప్పును పైపొరకు తెచ్చి చౌడుగా మారుస్తుంది. రాయలసీమలో ఒకప్పుడు చౌటి మట్టిని నీటితో వడగట్టి, ఆ నీటిని ఎండలో ఇగిర్చి ఉప్పు తీసేవారు. బ్రిటిష్ ఉప్పు చట్టాలు ఆ వృత్తిని అణచివేశాయి. నీరు ఆవిరై లవణాలు చిక్కబడే చోటల్లా, అది బాయిలర్ కావచ్చు, కూలింగ్ టవర్ కావచ్చు, గనుల వ్యర్థ జలాల చెరువు కావచ్చు, మిగిలినదాని సంగతి చూడవలసిందే.

ఈ సీమలో ఎండకు అందకుండా నీటిని దాచే అతి పెద్ద నిల్వ పెన్నా ఇసుకే. ముతక ఇసుకలో నీటిమట్టం మీటరు లోతుకు దిగితే ఇగరడం దాదాపు ఆగిపోతుంది. పైన పారుదల లేని నెలల్లోనూ చెలమ తవ్వితే నీరు ఊరడానికి కారణం అది. ఆ ఇసుకను తోడేసిన చోట అడుగు నీరు గుంటలుగా ఎండకు బయటపడి ఇగిరిపోతుంది. కోట్లు పోసి కట్టిన జలాశయాలకు లేని రక్షణ నదికి సహజంగా ఉంది. నది ఒడ్డున ఉన్న ప్రతి ఊరి పంచాయతీ తన దగ్గరి ఇసుక మేటను తాగునీటి నిల్వగా లెక్కగట్టి కాపాడుకోవాలి.